ఐబీ 0417 నంబరు స్తంభం

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున మా ఓనరు నాకు శాలువా కప్పి, మైకు పట్టుకుని, "ఈ సారు ఉన్నన్ని రోజులు మన రిజిస్టర్ల ఒక్క తప్పు నంబర్ లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఇద్దరు మాత్రం తలలు వంచుకుని నవ్వుకున్నారు. ఒకామె మా సిరిసిల్ల ఆఫీసులో ప్రోగ్రాములు రాసే అమ్మాయి. ఇంకొకతను కోరుట్ల లైన్‌మన్. వాళ్లెందుకు నవ్వారో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు కూడా తెలిస్తే మంచిదని రాస్తున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదని ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

మాది జగిత్యాలలో హెడ్డాఫీసు, కోరుట్లలో, సిరిసిల్లలో బ్రాంచీలు ఉన్న చిన్న ఇంటర్నెట్ కంపెనీ. అప్పట్లో సిరిసిల్లలో మరమగ్గాలు ఆగినప్పుడల్లా కొన్ని ఇళ్ల మగవాళ్లు భీవండికో గల్ఫ్‌కో బయలుదేరేవారు. ఇబ్రహీంపట్నం వైపు ఊళ్లలో అయితే వయసులో ఉన్న మగవాళ్లు సెలవు మీద వచ్చినప్పుడే కనిపించేవారు. వాళ్లు వెళ్లిన నెలా రెండు నెలలకు ఆ ఇళ్ల నుంచి మాకు కొత్త కనెక్షన్ దరఖాస్తులు వచ్చేవి. మనుషులు ఊరు విడిచినకొద్దీ మా కంపెనీ పెరిగింది. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించినా చేయగలిగిందీ లేదు.

నేను తంగళ్ళపల్లి వాణ్ని. మా నాయన మగ్గం మీద ఒక్క పోగు తెగినా గుడ్డంతా ఆపి, పోగు కలిపి, అప్పుడు ముందుకు వెళ్లేవాడు. ఆ గుణం నాకు వచ్చింది. కాకపోతే ఆయన పోగు కలిపేవాడు, నేను గుడ్డ ఆపడం వరకే నేర్చుకున్నాను. ఆఫీసులో దరఖాస్తు మీద సంతకం గీత దాటి ఉంటే వెనక్కి పంపేవాణ్ని. నా వెనక నాకు ఏదో పేరు పెట్టారని తెలుసు. ఆ పేరేమిటో కనుక్కోవడానికి చాలా ప్రయత్నించాను, ఎవరూ చెప్పలేదు.

నెట్ మా ఆఫీసు నుంచి మీ ఇంటికి ఒక్క దూకులో రాదు. దారిలో పెట్టెలుంటాయి. ఒక పెట్టె ఇంకో పెట్టెకు అందిస్తుంది. ఎక్కడో ఆగిపోతే, ఏ పెట్టె దగ్గర ఆగిందో కనిపెట్టడానికి సిరిసిల్ల అమ్మాయి చేత ఒక ప్రోగ్రాం రాయించాం. అది ఆఫీసు నుంచి బయలుదేరి ఒక్కో పెట్టెనూ పలకరిస్తూ పోతుంది. ఎవరు పలకకపోతే అక్కడ తప్పున్నట్టు. లైన్‌మన్లు ఫోన్ల నుంచి వాడుకోవడానికి దానికి ఏపీఐ అనే కౌంటరు పెట్టాం. తాసీల్ ఆఫీసు కౌంటరు లాంటిదే. మనం కాగితం లోపలికి తోస్తే అది జవాబు బయటికి తోస్తుంది. కాగితం నచ్చకపోతే మొహాన కొడుతుంది. ఎలాంటి కాగితం నచ్చాలో నిర్ణయించే పని ఓనరు నాకు అప్పజెప్పాడు. నాలాంటి వాడికి ఇవ్వకూడని పని అదొక్కటే, సరిగ్గా అదే ఇచ్చాడు.

నాకూ కారణం లేకపోలేదు. అంతకుముందు లైన్‌మన్లు పెట్టె ఉన్న చోటు గురించి రిజిస్టర్‌లో రాసినవి మీరు చూడాలి. 'బర్ల కొట్టం ఎనుక.' 'సర్పంచ్ చిన్నమ్మ ఇంటి మలుపు.' ఆ సర్పంచ్ ఓడిపోయి అప్పటికి ఎన్నేళ్లయిందో. మల్యాల లైన్‌లో ఒకచోట 'నల్ల కుక్క ఉన్న ఇంటి ముందు' అని ఉండేది. ఆ కుక్క చచ్చిపోయాక దాని కింద బ్రాకెట్‌లో 'ఇప్పుడు లేదు' అని చేర్చారు. పెట్టె లేదో, కుక్క లేదో, ఇల్లు లేదో రాయలేదు.

అందుకే నియమం పెట్టాను. ప్రతి పెట్టె కరెంటు స్తంభం మీదే ఉండాలి, స్తంభం నంబరులో మండలం పేరుకు రెండు అక్షరాలు, ఆపైన నాలుగు అంకెలు ఉండాలి. దారిలో ఒక్క పెట్టెకు ఆ నంబరు లేకపోయినా మొత్తం దారినే తిప్పికొట్టాలి. నంబరు సరిపోతే కింద ఒక గడి: 'ఈ స్తంభాన్ని కళ్లారా చూశానని ధృవీకరిస్తున్నాను.' ఆ వాక్యం నేనే స్వయంగా రాశాను. చదువుకుంటే ఇప్పటికీ బాగుంటుంది.

సిరిసిల్ల అమ్మాయి నియమాలన్నీ విని, "సార్, నంబర్ లేని జాగ ఉంటె వాళ్లేం రాయాలె?" అని అడిగింది.

నంబరు లేని చోటు ఉండకూడదన్నాను. ఆమె తండ్రి భీవండిలో మగ్గాల మీద పనిచేసి పని పోయి తిరిగొచ్చిన మనిషి. నియమాలు పెట్టేవాళ్లతో ఎంతవరకు మాట్లాడాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె మారు మాట్లాడకుండా రాసేసింది. నేను ఒప్పుకుందనుకున్నాను.

మొదటి వారమంతా ఇబ్రహీంపట్నం లైన్‌మన్ నుంచి ఫోన్లే. కల్లు గీసే ఇంటి పిల్లవాడు, ఒంట్లో భయమన్నది లేదు, ఎంత ఎత్తుకైనా ఎక్కేవాడు. ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసుకు వెళ్లే దారిలో పెట్టె నమోదు కావట్లేదని, తెర ఎర్రగా మారుతోందని చెప్పాడు. స్తంభం నంబరు సరిగా కొట్టమన్నాను. అక్కడ స్తంభం లేదన్నాడు. స్తంభం లేనిచోట పెట్టె ఎలా ఉందని అడిగాను. అతను చెప్పబోయాడు, నేను చెప్పనివ్వలేదు. మూడోసారి ఫోన్ చేసినప్పుడు, నంబరు లేని చోట్ల కథలు నాకు చెప్పొద్దని గట్టిగా కసిరాను. నాలుగోరోజు ఆ దారి మొత్తం పచ్చగా మారింది. ఐబీ 0417. రెండక్షరాలు, నాలుగంకెలు. చూశారా, గట్టిగా చెబితే పని ఎలా అవుతుందో అని ఆఫీసులో అందరికీ చూపించాను. నెల తిరిగేసరికి మొత్తం రిజిస్టర్ పచ్చగా మెరిసింది. ఓనరు అప్పుడు కూడా ఒక శాలువా కప్పాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆ పిల్లవాడు కూడా గల్ఫ్ వెళ్లిపోయాడు. అన్నలిద్దరూ అప్పటికే అక్కడున్నారు, వీసా పంపారు. పోయేముందు ఆఫీసుకొచ్చి సెలవు తీసుకుంటూ ఏదో చెప్పాలన్నట్టు నా బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. నేను తాళాల గుత్తి లెక్క సరిచూసుకుని పంపించేశాను.

ఇక ఆ రోజుకు వస్తాను. ఎండాకాలం. తెల్లవారుజామున గాలివాన కొట్టింది. ఏడు గంటలకు అదే ఊరి పంచాయతీ కార్యదర్శి నుంచి ఫోన్ వచ్చింది, నెట్ లేదని. ఊరి సెల్ టవర్ కూడా గాలికి దెబ్బతిని మాటలకు, మెసేజ్‌లకు తప్ప పనికిరావట్లేదట, వీడియో ఆడదట. మధ్యాహ్నానికల్లా చూస్తామని మామూలుగా చెప్పే మాట చెప్పాను. అంతలో ఒకామె ఫోన్ అందుకుంది.

ఆమె భర్త సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేసేవాడు. మగ్గాలు ఆగాయని గల్ఫ్ వెళ్లాడు. అక్కడ కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే చిక్కుకుంది. చాలా నెలలుగా క్యాంపులో పడి ఉన్నాడు. అక్కడి మన ఎంబసీ అధికారి ఒకాయన అలాంటివాళ్లను పట్టికలో చేర్చి ఇంటికి పంపుతున్నాడు. దానికి ఇంటివాళ్లు పంచాయతీ ఆఫీసులో కూర్చుని, కార్యదర్శి ఎదుట, వీడియోలో మనిషిని గుర్తుపట్టి చెప్పాలి. ఆమె వంతు పదకొండు గంటలకు. ఆ రోజుతో ఆ పట్టిక మూసేస్తారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పేవాళ్లు లేరు.

"సారూ, మీ వైరు యాడ తెగిందో నాకు తెల్వదు. పదకొండు కొట్టేసరికి ఆయన మొఖం నాకు కనవడాలె. గంతే" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏదో ఓదార్చి తప్పించుకునేవాణ్నేమో.

ప్రోగ్రాం నడిపించాను. ఒక్కో పెట్టే పలుకుతూ వెళ్లింది. ఐబీ 0417 పలకలేదు. తప్పెక్కడుందో రెండు నిమిషాల్లో తేలిపోయింది కదా అని గర్వంగా జీపెక్కాను. కోరుట్లలో లైన్‌మన్‌ను ఎక్కించుకుని కరెంటువాళ్ల జాబితా చూసి ఆ నంబరు స్తంభం దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. అది మండలం ఇంకో చివర, రైసు మిల్లు వెనక ఉంది. దాని మీద మా పెట్టె లేదు, మా తీగ లేదు. ఒక కాకి ఉంది.

లైన్‌మన్‌ను ఎక్కి చూడమన్నాను. దిగాక మళ్లీ ఎక్కమన్నాను. మూడోసారి అతను, "సార్, కాకి తప్ప ఏం లేదు" అన్నాడు. యంత్రం తప్పు చెప్పదని నేను అతనితో వాదించాను. స్తంభం ముందు నిలబడి స్తంభంతో కూడా వాదించి ఉండేవాణ్ని. చివరికి సిరిసిల్ల అమ్మాయికి ఫోన్ చేసి, నీ ప్రోగ్రాం తప్పు చూపిస్తోందని అరిచాను.

"ప్రోగ్రాం తప్పు సూపియ్యలే సార్. మనోళ్లు దానికి ఏం చెప్పిండ్రో గదే మనకు అప్పజెప్పింది" అంది. ఆ నంబరు ఎక్కించిన లైన్‌మన్‌నే అడగమంది. అతను గల్ఫ్‌లో ఉన్నాడు కదా అంటే, నెట్ కంపెనీలో పనిచేస్తూ గల్ఫ్‌కు ఫోన్ చేయడం రాదా అన్నట్టు అతని నంబరు పంపింది.

ఫోన్ కలిసింది. అతను పనికి వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నాడు. ఐబీ 0417 అనగానే అందుకున్నాడు.

"తిట్టద్దు సార్. గది స్తంభం గాదు, తాడిచెట్టు. మా బాపు గీసే చెట్టు. ఆబ్కారోళ్లు దాని మీద ఏసిన నంబర్ నాలుగు వందల పదిహేడు. మీ డబ్బా నాలుగంకెలు అడిగె, ముందల సున్న పెట్టిన."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పిన సార్. తాడిచెట్టు అని కొడితె డబ్బా ఎర్రగైతుండె. మీకు ఫోన్ చేస్తె మీరు గూడ ఎర్రగైతిరి."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా దగ్గర కల్లు గీతకిచ్చిన ప్రతి తాడిచెట్టుకూ ఆబ్కారీ శాఖ నంబరు వేస్తుంది. ఆ ఊళ్లో కరెంటు తీగ బావుల వైపు మళ్లిపోవడంతో పంచాయతీ ఆఫీసు దాకా స్తంభాలే లేవు. పొలం గెట్టు మీద వరసగా తాడిచెట్లున్నాయి, వాటినే మా దగ్గర తాళ్లంటారు. కోత యంత్రాలకు తగలనంత ఎత్తులో, ఆ చెట్ల మీదుగా తీగ లాగారు. నా నియమం తాడిచెట్టును ఒప్పుకోలేదు కాబట్టి తాడిచెట్టే స్తంభం వేషం వేసుకుని లోపలికి వచ్చింది. అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. పచ్చగా మెరిసిన నా రిజిస్టర్‌లో ఇంకెన్ని చెట్లున్నాయో, ఎన్ని గోడలున్నాయో, ఎన్ని బర్ల కొట్టాలున్నాయో. వాటి గురించి ఆలోచించే టైము లేదు. పది దాటింది.

ఆ పిల్లవాడి తండ్రి ఇంటి ముందు కత్తి నూరుకుంటున్నాడు. నేను నాలుగు వందల పదిహేడు అనగానే ఎవరో చుట్టం పేరు చెప్పినట్టు తలూపాడు. "గదా? పండుతాడు. మంచి చెట్టు సారూ" అని మోకు భుజాన వేసుకుని ముందు నడిచాడు. మోకంటే చెట్టెక్కే తాడు, పండుతాడంటే కాయలు కాసే ఆడ తాడిచెట్టు. మా లైన్‌మన్ నిచ్చెన ఆ చెట్టులో సగానికి కూడా రాలేదు. పెద్దాయన నడుముకు మోకు తగిలించుకుని, నేను రెండు సార్లు ఊపిరి పీల్చుకునేలోపు పైకి చేరాడు.

ఏమైందని అడిగాను.

"సారూ, గిది నాతోటే అయింది" అన్నాడు.

మా పెట్టెను బిగించడానికి కొడుకు ఒక ఇనుప కొక్కెం కొట్టాడట. కొక్కెం గట్టిగా ఉందని తండ్రి దానికి లొట్టి, అంటే కల్లు పట్టే కుండ, కట్టడం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ ఇంటర్నెట్టూ కల్లూ ఒకే కొక్కేనికి వేలాడుతూ వచ్చాయి. తెల్లవారుజామున గాలికి నిండు లొట్టి ఊగి ఊగి పెట్టెను నాలుగు దెబ్బలు కొట్టింది. పెట్టె పగిలి లోపలికి కల్లు పోయింది. లొట్టికి మాత్రం ఏమీ కాలేదు. ఆయన పెట్టెను లొట్టి దించినట్టే తాడుతో మెల్లగా కిందికి దించాడు. మూత తీస్తే పుల్లటి వాసన, నల్ల చీమలు. ఇన్నేళ్ల సర్వీసులో పెట్టె చెడిపోవడానికి చాలా కారణాలు రాశాను, ఈ కారణానికి మాత్రం నా ఫారంలో గడి లేదు.

లైన్‌మన్ కింద కూర్చుని కొత్త పెట్టెకు తీగలు కలిపాడు. పెద్దాయన దాన్ని పైకి తీసుకెళ్లి బిగించాడు. లొట్టిని ఎక్కడ కట్టమంటారని అడిగాడు. ఇంకెక్కడైనా కట్టుకో అన్నాను. పదకొండుకు పది నిమిషాలుంది. కొత్త పెట్టెకు ప్రాణం రావాలంటే ఫోన్‌లో దాన్ని నమోదు చేయాలి. లైన్‌మన్ అమాయకంగా 'తాడిచెట్టు' అని కొట్టాడు. తెర ఎర్రగా మారింది. స్తంభం నంబరు తప్పు, దారి చెల్లదు.

అమ్మాయికి ఫోన్ చేసి నియమం తీసేయమన్నాను. తీసేస్తాను గానీ రాతపూర్వకంగా పంపండి అంది. నోటి మాట మీద నియమాలు మార్చకూడదన్న నియమం కూడా నేనే పెట్టాను. పైగా మార్చి, సరిచూసి ఎక్కించడానికి గంట పడుతుందట. ఆమె ఎకసెక్కానికి అనలేదు, ఆమె గొంతులో కూడా భయమే ఉంది. "సార్, మీకు దారి తెలుసు గదా" అని మాత్రం అంది.

తెలుసు. ఫోన్ నా చేతిలోకి తీసుకుని, నా పేరుతో, నా పాస్‌వర్డ్‌తో, ఐబీ 0417 అని కొట్టాను. 'ఈ స్తంభాన్ని కళ్లారా చూశానని ధృవీకరిస్తున్నాను.' తలెత్తి తాడిచెట్టును చూశాను. పైనుంచి పెద్దాయన కూడా నన్నే చూస్తున్నాడు. గడిలో టిక్కు పెట్టాను. తెర పచ్చగా మారి, సరైన వివరాలిచ్చినందుకు ధన్యవాదాలు అని చెప్పింది. ఆ ధన్యవాదాలు కూడా నేను రాయించినవే.

పంచాయతీ ఆఫీసుకు పరిగెత్తాం. ఆమె ప్లాస్టిక్ కవర్లో కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున ఏడింటి నుంచీ ఆ కుర్చీలోంచి లేవలేదని కార్యదర్శి చెప్పాడు. తెర మీద అధికారి కనిపించాడు, పక్కన చిక్కిపోయిన ఒక మనిషి. ఆమె కొంగు సర్దుకుంది. అధికారి హిందీలో అడుగుతుంటే కార్యదర్శి తెలుగులో చెబుతున్నాడు. భర్త పేరు, ఊరు, మండలం. అన్నీ సరిగ్గా నడిచాయి. తర్వాత ఇంటి నంబరు అడిగాడు.

ఆమె ఇంటికి నంబరు లేదు. ఊరి బయట ఈమధ్యే వేసుకున్న ఇల్లు, పంచాయతీ ఇంకా నంబరు వేయలేదు. ఆ మాట విని కార్యదర్శి మొహం మాడిపోయింది. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండకూడదట. ఆ గడి ఎలాంటిదో ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేనే అక్కడ కూర్చుని ఉంటే ఏం చేసేవాణ్నో కూడా నాకు తెలుసు. నంబరు తెచ్చుకుని రమ్మనేవాణ్ని.

అధికారి కలం ఎత్తి పట్టుకుని ఆలోచించాడు. నంబరు లేకపోతే మీ ఇంటికి మనిషి ఎలా వస్తాడని అడిగాడు.

"ఎవల్నడిగినా చెప్తరు సారు. తాళ్లల్ల ఆఖరి ఇల్లు" అంది ఆమె.

కార్యదర్శి హిందీలో చెప్పాడు. అధికారి ఆ మాటే గడిలో రాసుకున్నాడు. అంతే. ఆకాశం ఊడిపడలేదు. నాకు మాత్రం అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు, ఎవరూ చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాను.

ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి అన్నాడు అధికారి. భర్త తెర దగ్గరికి వంగాడు. నెలల తరబడి ఏం అడగాలని దాచుకున్నాడో ఏమో, నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"బర్రె ఈనిందా?"

"ఈనింది. దుడ్డె పుట్టింది" అంది ఆమె. అని, అప్పుడు ఏడ్చింది. కార్యదర్శి తర్జుమా చేయబోతే అధికారి వద్దని చేత్తో ఆపి, నవ్వుతూ ముద్ర వేశాడు. మొగుడూ పెళ్లాలని నిరూపించడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదనుకుని ఉంటాడు.

ఆ పంచాయతీ బల్ల మీదే తెల్లకాగితం తీసుకుని నియమం మార్చమని నా చేత్తో రాసి, ఫొటో తీసి సిరిసిల్లకు పంపాను. సంతకం గీత దాటింది. మా అమ్మాయి వెనక్కి పంపలేదు. కొత్త నియమం ఆమె సలహానే. నంబరుంటే నంబరు, లేకపోతే కొత్త మనిషికి దారి తెలిసేలా ఏదైనా రాయొచ్చు. యంత్రం ఎర్రబడదు. తర్వాత మూడు నెలలు ఊరూరా తిరిగి రిజిస్టర్ సరిచేశాం. ఎన్ని స్తంభాలు చెట్లుగా మారాయో చెబితే ఓనరు శాలువా వెనక్కి తీసుకుంటాడని ఆయనకు చెప్పలేదు. ఐబీ 0417 ఇప్పుడు 'తాడిచెట్టు, ఆబ్కారీ నంబరు 417, పెద్దాయనను పిలవాలి' అని ఉంటుంది. పెద్దాయన కొడుకు ఇంకా గల్ఫ్‌లోనే ఉన్నాడు. పోయేముందు నా బల్ల దగ్గర నిలబడి అతను చెప్పాలనుకున్నది అప్పుడే విననందుకు ఫోన్‌లో ఒకసారి తప్పైందన్నాను. అతను నమ్మలేదు, ఎవరో గొంతు మార్చి మాట్లాడుతున్నారనుకున్నాడు.

పిల్లలూ, మీరు కూడా రేపు ఏదో ఒక కౌంటరు వెనక కూర్చుంటారు. కాగితం వెనక్కి కొట్టే ముందు, ఆ కాగితం పట్టుకున్న మనిషి నిజం చెప్పడానికి మీరు చోటు ఉంచారా లేదా అని చూసుకోండి. నేను ఉంచలేదు.

నేను దిగిపోవడానికి కొద్దిరోజుల ముందు అదే ఊరి నుంచి కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు వచ్చింది. ఇంటి నంబరు గడిలో కోరుట్ల లైన్‌మన్ ఇలా రాశాడు: 'నంబర్ లేదు. తాళ్లల్ల ఆఖరి ఇల్లు. ఇంటాయన పొద్దుమీకి వాకిట్ల దుడ్డెను కట్టేస్తుంటడు, అడిగితె చెప్తడు.' ఆ సాయంత్రం జీపు తీసుకుని నేనే వెళ్లొచ్చాను. మరునాడు ఆఫీసులో ఆ దరఖాస్తు తెరిచి, కింద ధృవీకరణ గడిలో టిక్కు పెట్టాను. ఈసారి కళ్లారా చూసే పెట్టాను.